ఫోను కొడితే వస్తారన్న ధీమా మీద పందేలా?

"మట్టి ట్రాకులో కాలేదేముందండీ? ఏదన్నా అయితే 108 ఉంది, ఫైరింజన్ ఉంది, ఫోను కొడితే వస్తారు." ఊరి బయట పొలం చదును చేసి బైకు పందేలు, జీపు పందేలు పెట్టేవాళ్లను నిప్పు జాగ్రత్తల గురించి అడిగితే వినిపించే మాట ఇది. నాందేడ్‌లో మరాఠీలో చెబుతారు, నిజామాబాద్‌లో తెలుగులో చెబుతారు, అంతే తేడా. కాస్త గట్టిగా అడిగితే, దిగేవాడు తెలిసే దిగుతున్నాడంటారు, సంతకం పెట్టి మరీ దిగుతున్నాడంటారు. అప్పటికీ వదలకపోతే, ఇవన్నీ పెట్టమంటే చిన్న ఊళ్లలో పందేలే ఉండవని చేతులెత్తేస్తారు. పందెం పెట్టే కమిటీలే కాదు, అనుమతి ఇచ్చే అధికారులు, పిల్లల్ని భుజాన ఎక్కించుకుని చూడడానికి వచ్చే తండ్రులు కూడా ఇదే నమ్ముతున్నారు. ఈ నమ్మకం ప్రాణాలు తీసే నమ్మకం. ప్రమాదం జరిగాక మనిషి దక్కుతాడా లేదా అన్నది చాలాసార్లు మొదటి రెండు మూడు నిమిషాల్లోనే తేలిపోతుంది. ఆ నిమిషాల్లో పట్నం నుంచి ఎవరూ రాలేరు. ఆ నిమిషాలకు పూచీ పడలేనివాళ్లకు పందెం పెట్టే హక్కు లేదు.

నాందేడ్ ఊసు ఎందుకంటే, ఆ జిల్లా మనకు పరాయిది కాదు. 1956 దాకా వాళ్లూ మనమూ ఒకే హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్నాం. ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్, కిన్వట్ తాలూకాల్లో ఇంట్లో తెలుగు మాట్లాడుకునే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. ధర్మాబాద్ నుంచి బాసర కూతవేటు దూరం. లోహా తాలూకా మాళేగావ్‌లో మార్గశిరంలో జరిగే ఖండోబా జాతర గుర్రాల సంతకు, పశువుల సంతకు పేరుపడ్డది. మనం మల్లన్న అని కొలిచే దేవుడే ఆ ఖండోబా. ఎడ్లను పరిగెత్తించే శంకర్‌పట్ విదర్భలోనూ, దాన్ని ఆనుకున్న ఈ ప్రాంతంలోనూ పాత వేడుక. పరుగు పందెం ఈ మట్టికి కొత్త కాదని చెప్పడానికే ఇదంతా.

కొత్తగా వచ్చింది ఇంజను. పుణె, నాసిక్, కొల్హాపూర్‌లలో మట్టి ట్రాకు మీద మోటార్‌సైకిల్ పోటీలు ఏళ్ల తరబడి నడుస్తున్నాయి. 2024 జనవరిలో పుణె బాలేవాడి స్టేడియంలో ఇండియన్ సూపర్‌క్రాస్ లీగ్ మొదలైంది. చిన్న పట్నాల కుర్రాళ్ల కళ్లు అటు తిరగడం సహజం, నేను దాన్ని తప్పుపట్టను. కానీ ఊళ్లో మోటారు పందెం పెట్టే కమిటీలు ఎడ్ల పందెం రోజుల పద్ధతిలోనే పోతున్నాయి. ట్రాక్టరుతో చదును చేయిస్తారు, సున్నంతో గీత వేయిస్తారు, మైకు, షామియానా, బహుమతులు, ముఖ్య అతిథి. అంతటితో ఏర్పాట్లు పూర్తయ్యాయంటారు. ఎద్దు పెట్రోలు మోయదు. నేలమీద పడ్డ ఎద్దు చుట్టూ మంట లేవదు. ఎడ్లకు సరిపోయిన ఏర్పాట్లతో ఇంజన్ల పందెం నడపడం దగ్గరే అసలు తప్పు మొదలవుతోంది.

మట్టిలో కాలేదేముందన్న ప్రశ్నకు జవాబు కావాలంటే పందెం రోజు బండ్లు నిలిపే చోటికి వెళ్లి కాసేపు నిలబడండి. ఇరవై లీటర్ల ప్లాస్టిక్ క్యాను, అడుగు కోసిన మంచినీళ్ల సీసాయే గరాటు. ఒక కుర్రాడు ట్యాంకు మూత తీసి పట్టుకుంటాడు, ఇంకొకడు క్యాను వంచుతాడు. అప్పుడే ఒక రౌండు ముగించుకొచ్చిన ఇంజను ఇంకా చిటచిటలాడుతూనే ఉంటుంది. ఒలికిన పెట్రోలు ఇంజను రెక్కల మీదుగా జారి సైలెన్సరు పైపు వైపు పోతుంది. నాలుగడుగుల అవతల మెకానిక్కు స్పార్క్ ప్లగ్గు విప్పి, ఇంజనుకు ఆనించి, కిక్కు కొట్టి నిప్పురవ్వ వస్తోందో లేదో చూస్తుంటాడు. ఇంకో పక్క విరిగిన ఫుట్‌రెస్టుకు వెల్డింగు నడుస్తుంటుంది. దానికి కరెంటు ఇచ్చే జనరేటరు పక్కనే డీజిలు డబ్బా. చుట్టూ బీడీలు, సిగరెట్లు సరేసరి.

పెట్రోలు సున్నాకు 40 డిగ్రీల దిగువన కూడా అంటుకునేంత ఆవిరి వదులుతుంది. నాందేడ్ వేసవిలో ఎండ 40 పైకి పోతుంది. అంటే మూత తీసిన క్యాను చుట్టూ ఆవిరి ఎప్పుడూ ఉంటుంది. అది గాలికన్నా బరువు, కనుక పైకి పోయి చెదిరిపోదు. నేలబారుగా పాకి పల్లంలో నిలుస్తుంది. క్యాను ఒక చోట ఉంటే నిప్పురవ్వ ఇంకో చోట అంటుకుని మంట వెనక్కి పరిగెత్తుకొస్తుంది.

ఒక మాట ఒప్పుకోవాలి. పరుగులో ఉన్న బైకు మంటల్లో చిక్కుకోవడం అరుదు. పడితే రైడరు ఒక వైపుకు, బండి ఒక వైపుకు పోతాయి. కనుక బైకు పందెంలో నిప్పు భయం ట్రాకు మీదకన్నా ఈ బండ్లు నిలిపే చోటే ఎక్కువ. జీపు, కారు పందెం సంగతి వేరు. బోల్తా పడ్డ జిప్సీలో మనిషి తలకిందులుగా బెల్టుకు వేలాడుతుంటాడు, ఒంటి బరువంతా బెల్టు మీద పడి బకిల్ ఊడి రాదు. రబ్బరు పైపు తెగితే పెట్రోలు అతని చుట్టే పడుతుంది. బెల్టు కోసే కత్తి ఎవరి దగ్గరుంది? ఇంజను ఆపే కిల్ స్విచ్ బయటినుంచి చేతికందేలా ఉందా? అది ఏ రంగు గుర్తు దగ్గర ఉందో ఆ చుట్టుపక్కల నిలబడ్డ ఒక్కరికైనా తెలుసా? ఇక ఒంటిమీద బట్టలు. మన కుర్రాళ్లు వేసుకొచ్చేవి పాలిస్టర్ టీషర్టులు. మంట సోకితే పాలిస్టర్ కరిగి చర్మానికి అతుక్కుపోతుంది. డాక్టర్లు దాన్ని చర్మంతోపాటు తీయాల్సి వస్తుంది.

మంట లేవగానే అందరి చూపూ దుమ్ము అణచడానికి తెచ్చిన నీళ్ల ట్యాంకరు మీదికి పోతుంది. మండే పెట్రోలు మీద నీళ్లు కొడితే పెట్రోలు నీళ్లమీద తేలి మంటను ఇంకా పరుస్తుంది. అక్కడ కావలసింది పొడి చల్లే ఎర్ర సిలిండరు, లేదంటే ఫోము, అదీ లేకపోతే ఇసుక. ఆ ఎర్ర సిలిండరు కొన్ని చోట్ల స్టేజీ స్తంభానికి వేలాడుతూనే ఉంటుంది. దగ్గరికెళ్లి గేజి చూడండి. ముల్లు ఆకుపచ్చ గీతలో ఉందో ఎర్ర గీతలో ఉందో చూసినవాళ్లు ఉండరు. ఆరు కిలోల సిలిండరు పదిహేను ఇరవై సెకన్లలో ఖాళీ అయిపోతుంది. గాలిని వీపు వైపు పెట్టుకుని, మంట మొదట్లో, అటూ ఇటూ ఊడ్చినట్టు కొట్టాలి. ఇది తెలియనివాడి చేతిలో ఆ ఇరవై సెకన్లూ మంట కొసల మీద పోతాయి. వస్తువు ఉంటే చాలదు, దాన్ని అంతకుముందు ఒక్కసారైనా వాడి చూసిన మనిషి కూడా ఉండాలి.

ట్రాకు అవతల కూడా కాలేవి ఉన్నాయి. జాతరల కాలమంటే కోతలయిన కాలం. చుట్టూ ఎండిన పత్తికట్టె, జొన్న చొప్ప, సోయాబీన్ పొట్టు. షామియానా కింద మిర్చీబజ్జీల బండ్లు, వాటి కింద గ్యాసు సిలిండర్లు. గుడ్డ పైకప్పు కింద జనాన్ని కూర్చోబెట్టడం ఎంత ప్రమాదమో ఈ దేశానికి 1995 డిసెంబరు 23న హర్యానాలోని మండీ డబ్వాలీ చూపింది. స్కూలు వేడుక కోసం వేసిన సింథటిక్ గుడ్డ పందిరి అంటుకుని నాలుగు వందల మందికి పైగా కాలిపోయారు, అందులో పిల్లలే ఎక్కువ.

పందెం, పెట్రోలు, జనం ఒకే చోట చేరితే ఏమవుతుందో 2024 మే 25న రాజ్‌కోట్ చూపింది. టీఆర్‌పీ గేమ్ జోన్‌లో గో కార్టింగ్ ఉండేది. కార్టులకు పెట్రోలు, జనరేటర్లకు డీజిలు అక్కడే పెద్దమొత్తంలో నిల్వ చేశారు. వెల్డింగు రవ్వలు రాలి మంట లేచింది. ఫైర్ ఎన్‌ఓసీ లేదు. ఇనుప చట్రం మీద రేకులు వేసి తాత్కాలిక కట్టడమంటూ నడిపారు. ఇరవై ఐదు మందికి పైగా పోయారు, చిన్నపిల్లలతో సహా. గుజరాత్ హైకోర్టు దాన్ని మనుషులు చేసిన విపత్తు అంది. తాత్కాలికం అన్న మాట గమనించండి. ఒక్కరోజు పందేనికి ఇన్ని జాగ్రత్తలెందుకు అనేవాళ్లు కూడా అదే మాట అంటున్నారు. తాత్కాలికమైన కట్టడానికి మంట తాత్కాలికంగా అంటుకోదు.

ఇక 108. ఆ సేవను నేను తక్కువ చేయడం లేదు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలై, తర్వాత ఎన్నో రాష్ట్రాలు అందుకున్న సేవ అది. మహారాష్ట్రలో 2014లో మొదలైనప్పుడు 937 అంబులెన్సులు ఉండేవి. 2011 లెక్కల ప్రకారం ఆ రాష్ట్ర జనాభా 11 కోట్ల 23 లక్షలు. సుమారు లక్షా ఇరవై వేల మందికి ఒక బండి. నాందేడ్ జిల్లా పదివేల చదరపు కిలోమీటర్లకు పైబడ్డది, 16 తాలూకాలు, 33 లక్షల పైచిలుకు జనం. మీ పందెం మైదానంలో పడ్డవాడి కోసం మీరు ఫోను కొట్టే క్షణానికి ఆ తాలూకా అంబులెన్సు ఏ కాన్పు కేసు తీసుకుని ఏ రోడ్డు మీద ఉందో ఎవరు చెప్పగలరు? పైగా మీరు పెట్టిన పందెం కోసం ఆ బండిని పిలవడమంటే ఆ కాన్పు కేసు నోటి ముందు ముద్ద లాక్కోవడమే. సరిహద్దు ఊళ్లలో ఇంకో చిక్కు ఉంది: ఫోను ఏ టవరుకు తగిలితే ఆ రాష్ట్రం కంట్రోల్ రూముకు కాలు పోవచ్చు, అడ్రసు చెప్పేసరికే నిమిషాలు కరుగుతాయి.

బండి వచ్చిందనుకుందాం. మైదానానికి వెళ్లేది ఒక్కటే బండ్లబాట. దానికి రెండు వైపులా చూడడానికి వచ్చినవాళ్ల మోటార్‌సైకిళ్లు, ఆటోలు, ట్రాక్టర్లు. ఎదురుగా ఫైరింజన్ వస్తే వెనక్కి తీసే జాగా లేదు. మైకులో "బండ్లు తీయండి" అని అరవడం అప్పుడు మొదలవుతుంది. ధర్మాబాద్ నుంచో దెగ్లూర్ నుంచో నాందేడ్ చేరాలంటే డెబ్భై కిలోమీటర్ల పైమాట, కిన్వట్ నుంచైతే నూరు దాటుతుంది. ఆ చివర ఉన్నది విష్ణుపురిలోని డాక్టర్ శంకర్‌రావ్ చవాన్ ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి. 2023 సెప్టెంబరు 30, అక్టోబరు 1 మధ్య ఇరవై నాలుగు గంటల్లో 24 మంది చనిపోయారని, వాళ్లలో 12 మంది పసిగుడ్డులని దేశమంతా విన్న ఆసుపత్రి అదే. నాలుగు దిక్కుల నుంచి వచ్చే పేద రోగుల భారమంతా మోస్తున్న అలాంటి చోటికి మన వినోదంలో కాలిన మనిషిని, మొదటి చికిత్స కూడా చేయకుండా, బొలెరో వెనకాల పడుకోబెట్టి పంపుతాం. మెడ విరిగినవాణ్ణి నలుగురు కాళ్లూ చేతులూ పట్టి ఎత్తడం, హెల్మెట్ లాగేయడం, కాలిన చోట పసుపో టూత్‌పేస్టో రుద్దడం మన దగ్గర సాయం పేరుతో జరిగేవి. కాలిన చోట ఇరవై నిమిషాలు మామూలు చల్లటి నీళ్లు పారించాలి. నీళ్ల ట్యాంకరు పనికొచ్చేది ఇక్కడ, దీనికి మాత్రం దాన్ని ఎవరూ వాడరు.

మొదటి నిమిషాలే సర్వస్వమని నేను ఊహించి చెప్పడం లేదు. మోటారు పందేల చరిత్ర ఆ పాఠాన్ని మనుషుల ప్రాణాలతో నేర్చుకుంది. 1973 జులై 29న నెదర్లాండ్స్‌లోని జాండ్‌వోర్ట్‌లో రోజర్ విలియంసన్ కారు బోల్తాపడి అంటుకుంది. గుద్దుకున్న దెబ్బకు అతను చావలేదు. తోటి డ్రైవరు డేవిడ్ పర్లీ తన కారు ఆపి పరిగెత్తుకొచ్చి ఒంటిచేత్తో ఆ కారును తిప్పడానికి ప్రయత్నించాడు. పక్కనే నిలబడ్డ మార్షల్స్‌కు మంటకు ఆగే బట్టలు లేవు, దగ్గరికి రాలేకపోయారు. ఉన్న ఒక్క సిలిండరు అయిపోయింది. పందెం ఆపలేదు, మిగతా కార్లు పక్కనుంచి పోతూనే ఉన్నాయి. ఫైరింజన్ చేరేసరికి నిమిషాలు గడిచిపోయాయి, విలియంసన్ ఊపిరాడక చనిపోయాడు. అది ఊరి పందెం కాదు, ఫార్ములా వన్. టీవీ కెమెరాలు ఉన్నాయి, వేలమంది ఉన్నారు, ఫైరింజన్ కూడా ఉంది. లేనిది ఆ చోట, ఆ నిమిషంలో, సిద్ధంగా ఉన్న మనిషి.

ఐదేళ్లకు, 1978 సెప్టెంబరులో, మోంజాలో రోనీ పీటర్‌సన్ మండే కారులో ఇరుక్కున్నాడు. తోటి డ్రైవర్లే బయటికి లాగారు. అంబులెన్సు రావడానికి పది నిమిషాలకు పైనే పట్టింది. మర్నాడు అతను చనిపోయాడు. అప్పటి ఫార్ములా వన్ డాక్టరు సిడ్ వాట్కిన్స్ పట్టుబట్టి ఒక పద్ధతి తెచ్చాడు: మొదటి ల్యాపు అంతా డాక్టరున్న కారు పోటీ కార్ల వెనకే పరిగెత్తాలి. ఆ పద్ధతి ఫలం 2020 నవంబరు 29న బహ్రెయిన్‌లో కనిపించింది. రొమేన్ గ్రోజాన్ కారు కంచెలోకి దూసుకెళ్లి రెండు ముక్కలై అంటుకుంది. అతను దాదాపు 28 సెకన్లు మంటల్లో ఉన్నాడు. వెనకే వచ్చిన మెడికల్ కారు అతను బయటపడేలోపే అక్కడుంది. డాక్టరు మంట అంచుదాకా వెళ్లాడు, సిలిండర్లు కొట్టారు, మనిషి చేతులు కాలి బతికి బయటపడ్డాడు. కారు ముందుభాగం గట్టితనం, తలకు అడ్డుగా ఉన్న హేలో కమ్మీ, మంటకు ఆగే బట్టలు, దగ్గరున్న మనుషులు, ఇవన్నీ కలిస్తే ఆ ప్రాణం నిలిచింది. ఇందులో హేలో కమ్మీ మన కుర్రాడికి ఇవ్వలేం. దగ్గరుండే మనుషుల్ని ఇవ్వగలం.

అంత పెద్ద పోటీలతో పోలికేమిటి అంటారు. సరే, మట్టి ట్రాకే చూద్దాం. శ్రీలంకలో దియతలావ దగ్గర ఫాక్స్ హిల్ సూపర్‌క్రాస్ పేరున్న మట్టి ట్రాకు పోటీ. 2024 ఏప్రిల్ 21న అక్కడ ముందొక కారు బోల్తాపడింది. తర్వాత వచ్చిన కారు ట్రాకు తప్పి జనంలోకి దూసుకెళ్లింది. ఏడుగురు పోయారు. వాళ్లలో ఎనిమిదేళ్ల పాప ఉంది, పోటీ నిర్వాహక సిబ్బందీ ఉన్నారు. సైన్యం చేతిలో ఉన్న మైదానంలోనే ఇలా జరిగితే, తాడు కట్టి జనాన్ని ఆపే మన మైదానాల సంగతేమిటి? మన దేశంలోనే 2019 సెప్టెంబరు 21న జోధ్‌పూర్ ర్యాలీలో, పోటీ నడుస్తున్న దారిలోకి మోటార్‌సైకిల్ మీద వచ్చిన ఒక కుటుంబంలో ముగ్గురు పోటీ కారు కింద పోయారు. అది జాతీయ స్థాయి పోటీ. ప్రమాదం ఒక్క రైడరుతో ఆగదు. పడ్డవాణ్ణి లేపడానికి ట్రాకు మీదికి పరిగెత్తే జనం రెండో ప్రమాదానికి ఎదురెళ్తున్నారు. పసుపు జెండా, ఎర్ర జెండా పట్టుకుని ప్రతి మలుపులో ఒక మనిషి ఉండాలని చెప్పేది ఇందుకే.

అన్నీ ఉన్నా చెన్నైలో చనిపోలేదా అని ఎదురు ప్రశ్న వేస్తారు. చనిపోయారు. 2023 జనవరిలో ఇరుంగాట్టుకోట్టై ట్రాకులో 59 ఏళ్ల సీనియర్ డ్రైవరు, అదే ఏడు ఆగస్టులో అక్కడే 13 ఏళ్ల బెంగళూరు కుర్రాడు పోయారు. ఆ రెండు సార్లూ పందెం ఆపారు, మిగిలిన పోటీలు రద్దు చేశారు. డాక్టరు, అంబులెన్సు అక్కడే ఉన్నా ప్రాణం దక్కని దెబ్బలు ఉంటాయన్నది నిజం. దాన్నిబట్టి డాక్టరు అక్కర్లేదని తేల్చడం ఏ తర్కం? బతకగలిగినవాణ్ణి బతికించడమే ఏర్పాటు పని. పదమూడేళ్ల పిల్లాడు పెద్ద ట్రాకు మీదే పోయాడంటే, వయసు అడగని ఊరి పందేల గురించి ఇంకెంత భయపడాలి?

సంతకం సంగతి. తనకేమైనా అయితే నిర్వాహకుల బాధ్యత లేదని రైడరు చేత రాయించుకునే కాయితానికి మన కమిటీలు చాలా విలువ ఇస్తాయి. నిర్లక్ష్యం వల్ల మనిషి చనిపోతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను కింద కేసు అవుతుంది. నిప్పుతో, మండే పదార్థాలతో నిర్లక్ష్యంగా ఉంటే ఎవరికీ ఏమీ కాకముందే 287వ సెక్షను వర్తిస్తుంది. చచ్చినవాడు ముందే రాసిచ్చాడన్న కాయితం ఈ నేరాలను తుడిచిపెట్టదు. బహిరంగ స్థలంలో మోటారు పందేనికి రాష్ట్ర ప్రభుత్వ లిఖితపూర్వక అనుమతి ఉండాలని మోటారు వాహనాల చట్టం 189వ సెక్షను చెబుతోంది. ఇంకో సంగతి చాలామంది కుర్రాళ్లకు తెలియదు: మామూలు మోటారు ఇన్సూరెన్సు పందేలకు వర్తించదు, పాలసీ కాయితంలోనే ఆ మాట ఉంటుంది. నాన్న పేరుమీదున్న బండి తెచ్చి పందెంలో దిగినవాడికి ఆ రోజు బండికీ బీమా లేదు, తాను గుద్దినవాడికీ లేదు. అన్నిటికన్నా పెద్ద మాట, గట్టు మీద కూర్చున్న పాప ఏ కాయితం మీదా సంతకం పెట్టలేదు. ఏ ప్రమాదానికీ ఒప్పుకోలేదు.

చివరికి మిగిలేది ఖర్చు వాదన. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే, ఎందుకంటే ఇది పందేల మీద ప్రేమ పేరుతో చెప్పే మాట. నిబంధనలు పెడితే పందేలు చస్తాయా? మహారాష్ట్రే దీనికి జవాబిచ్చింది. ఎడ్లబండి పందేలను సుప్రీంకోర్టు 2014 మే 7 తీర్పుతో ఆపింది. మహారాష్ట్ర 2017లో చట్టం సవరించి నిబంధనలు రాసుకుంది: కలెక్టరు అనుమతి, ఎడ్లకు పశువైద్యుల పరీక్ష, కర్రలు, ములుకోలల మీద నిషేధం. 2021 డిసెంబరు 16న సుప్రీంకోర్టు పందేలకు దారి తెరిచింది, 2023 మే 18న రాజ్యాంగ ధర్మాసనం ఆ చట్టాన్ని నిలబెట్టింది. నిబంధనలు వచ్చాక పందేలు చచ్చాయా? సాంగ్లీ జిల్లాలో మొదటి బహుమతిగా థార్ జీపు పెట్టేంత పెరిగాయి. నిబంధన ఎడ్ల పందేన్ని చంపలేదు, కోర్టు ముందు నిలబెట్టి బతికించింది. ఎద్దు తరఫున కోర్టుకు వెళ్లినవాళ్లు ఉన్నారు కనుక అది సాధ్యమైంది. బైకు మీది కుర్రాడి తరఫున ఇంతవరకు ఎవరూ అలా పట్టుబట్టలేదు.

ఖర్చెంతో చూడండి. ఆరు కిలోల పొడి సిలిండరు రెండు మూడు వేల రూపాయల్లో దొరుకుతుంది, వచ్చే ఏడాదికీ పనికొస్తుంది. బండ్లు నిలిపే చోట నాలుగు, ప్రతి మలుపులో ఒకటి, స్టేజీ దగ్గర ఒకటి, వంటల వైపు రెండు. ఇసుక బకెట్లకు పైసా ఖర్చు లేదు, మైదానమే మట్టి. పెట్రోలు పోసే చోటును తాడు కట్టి వేరు చేసి, ఇంజను చల్లారేదాకా ఆగి, ఇనుప క్యానులోంచి పోయడానికి కావలసింది డబ్బు కాదు, గట్టిగా చెప్పే ఒక మనిషి. ప్రైవేటు అంబులెన్సును రోజంతా అద్దెకు తీసుకుని, లోపల ఒక డాక్టరునో శిక్షణ పొందిన టెక్నీషియన్‌నో పెట్టడానికి అయ్యే ఖర్చు ముఖ్య అతిథి ఫ్లెక్సీలకు, డీజేకు పెట్టేదానికన్నా ఎక్కువేం కాదు. ఆ అంబులెన్సు కేసు తీసుకుని మైదానం దాటితే, తిరిగొచ్చేదాకా ఒక్క బండీ స్టార్టు కాకూడదు. మోటారు క్రీడల సమాఖ్య అనుమతితో జరిగే పోటీల్లో పాటించే పద్ధతి ఇదే. అంబులెన్సు వెళ్లే దారిలో ఒక్క మోటార్‌సైకిలు కూడా నిలపనివ్వకూడదు. పందెం ముందురోజు సాయంత్రం స్థానిక ఫైర్ స్టేషన్ నుంచి ఒక్క ఉద్యోగిని పిలిచి పదిమంది వాలంటీర్ల చేత ఒక పాత డ్రమ్ములో మంట పెట్టి ఆర్పించి చూడండి. గంట పని. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పోటీ జరిగినప్పుడు హైదరాబాద్‌లో ప్రతి మలుపుకూ మార్షల్స్‌ను చూశాం. ఖరీదైన కారులో వచ్చే విదేశీ డ్రైవరుకు ఇచ్చిన కాపలాలో పదో వంతు మన బిలోలి కుర్రాడికి ఇవ్వలేమంటే నేను ఒప్పుకోను.

ఇంత కూడా భరించలేని కమిటీ ఉంటే, అది బహుమతి తగ్గించుకోవాలి. అదీ కుదరకపోతే ఆ ఏడు పందెం పెట్టకూడదు. కఠినంగా ఉన్నా ఈ మాట వెనక్కి తీసుకోను.

నాందేడ్ కలెక్టరుకు, నిజామాబాద్, నిర్మల్, ఆదిలాబాద్ కలెక్టర్లకు నా విన్నపం: మోటారు పందేనికి అనుమతి కాయితం మీద సంతకం పెట్టేముందు ఆ మైదానంలో నిలిచి ఉండే అంబులెన్సు నంబరు, డాక్టరు పేరు, నిప్పు ఆర్పే మనుషుల పేర్లు అందులో రాయించుకోండి. రాయనిచోట అనుమతి ఇవ్వకండి. పందేలకు వెళ్లే పాఠకులకు చెప్పేది ఒక్కటే. మైదానంలో అడుగుపెట్టగానే అంబులెన్సు ఎక్కడుందో చూడండి, దాని దారి ఖాళీగా ఉందో లేదో చూడండి, పెట్రోలు పోసే చోట ఎర్ర సిలిండరు ఉందా, అది వాడడం వచ్చిన మనిషి ఉన్నాడా అని కమిటీవాళ్లను నలుగురి ముందు అడగండి. లేవంటే టికెట్టు డబ్బులు వదిలేసి పిల్లల్ని తీసుకుని ఇంటికి వచ్చేయండి.